అదే కిటికీ, అదే నిమిషం

సంక్రాంతి వచ్చిందంటే పొద్దు పెరుగుతుందని పెద్దవాళ్ళు అంటారు. పగటి నిడివి మాటకొస్తే అది నిజమే. కానీ హైదరాబాదులో జనవరి మూడో వారంలో పొద్దున్నే బస్సు పట్టుకోవాల్సిన వాళ్ళనడిగితే, తెల్లవారడం ఇంకా ఆలస్యమవుతోందని గొణుగుతారు. వాళ్ళది బద్ధకం కాదు, లెక్క వాళ్ళవైపే ఉంది. డిసెంబరు 21న అక్కడ సూర్యోదయం సుమారు 6.42కి. సంక్రాంతికి అది 6.49 అవుతుంది. పండగ వెళ్ళిన వారానికి, అంటే సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళి నెల తిరిగాక, 6.50కి చేరి అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. సాయంత్రాల సంగతి ఇంకా వింత. అక్కడ సూర్యుడు అన్ని రోజులకంటే తొందరగా ఇల్లు చేరేది డిసెంబరులో కాదు, నవంబరు చివరి వారంలో.

ఇదంతా క్యాలెండరులో అచ్చయ్యే ఉంటుంది. అయినా తూర్పు కిటికీ దగ్గర నిలబడి రోజూ ఏడు గంటలకు ఒక్క ఫొటో తీసే అలవాటున్నవాళ్ళు దీన్ని ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటారు. డిసెంబరు ఫొటోలను, జనవరి ఫొటోలను పక్కపక్కన పెడితే చాలు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీదికి సూర్యుడు ఎంత ఎక్కాడన్నది ట్యాంకు అంచే చెబుతుంది. మార్చి వచ్చేసరికి ఇంకొకటి తెలుస్తుంది. సూర్యుడు ఉదయించే చోటు రోజుకు తన బింబం వెడల్పులో సుమారు ముప్పావు వంతు ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. డిసెంబరులో అదే చోటు వారాల తరబడి కదిలినట్టే కనిపించదు.

రోజుకో ఫొటో అన్నది కొత్త సరదా ఏమీ కాదు. న్యూయార్కులో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న చనిపోయేదాకా రోజుకొక్క పోలరాయిడ్ చొప్పున తీశాడు. స్నేహితులు, భోజనాలు, వీధులు, చివర్లో ఆసుపత్రి, అన్నీ అందులో ఉన్నాయి. అది డైరీ. డైరీలో ఏదైనా మారవచ్చు. ప్రయోగం అలా కాదు, ఒక్కటి తప్ప మిగతావన్నీ మేకు కొట్టినట్టు ఉండాలి. ఏది మారకూడదో ముందే తేల్చుకున్నవాడికే, మారినది కంటబడుతుంది. ఈ మధ్య సామాజిక మాధ్యమాల్లో సాగే 'ఈరోజు ఎరుపు, రేపు నీడ, ఎల్లుండి చేతులు' తరహా జాబితాలు నాకు పెద్దగా రుచించవు. మూడు వారాలకు ఊపు తగ్గిపోతుంది, పైగా ఏ రెండు ఫొటోలనూ పోల్చడానికి వీలుండదు.

అయితే మేకు కొట్టే పనికి మొదటి అడ్డంకి మన ఫోనే. అందరి ముఖాలకూ ఒకే నిగారింపు పూసే పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ లాంటిది అది. ఎర్రటి ఎండలో తీసినా ముసురులో తీసినా బొమ్మ సగటు వెలుగు ఒకేలా ఉండేట్టు తానే సర్దేస్తుంది. సాయంత్రపు ఎర్రదనాన్ని 'తప్పు రంగు' అనుకుని వైట్ బ్యాలెన్స్ పేరుతో తగ్గించేస్తుంది. మన కళ్ళూ ఇదే పని చేస్తాయి. నడి ఎండలో లక్ష లక్స్‌ల వెలుగు ఉంటే, ట్యూబులైటు వేసిన గదిలో కొన్ని వందలే ఉంటుంది. అయినా గదిలోకి రాగానే వందల రెట్లు చీకట్లోకి వచ్చామని ఎవరికీ అనిపించదు.

మంచి సంగతి ఏమిటంటే, ఫోను దాచినదాన్ని ఇంకోచోట రాసిపెడుతుంది. గ్యాలరీలో ఫొటో తెరిచి 'వివరాలు' నొక్కితే ఎక్స్‌పోజర్ సమయం, ఐఎస్‌ఓ కనిపిస్తాయి. మొదటిది వెలుగును ఎంతసేపు లోపలికి రానిచ్చిందో చెబుతుంది, రెండోది వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచిందో. ఒకరోజు మధ్యాహ్నం కిటికీ ఫొటోకు 1/2000 సెకను, ఐఎస్‌ఓ 50 అని ఉందనుకోండి. మరో మధ్యాహ్నం మబ్బులో అదే దృశ్యానికి 1/125 సెకను, ఐఎస్‌ఓ 100 అని ఉంది. సమయం 16 రెట్లు పెరిగింది, ఐఎస్‌ఓ రెండు రెట్లు. అంటే మబ్బు రోజున ఆ దృశ్యంలో వెలుగు 32వ వంతే ఉంది. రెండు ఫొటోలూ చూడటానికి ఒకేలా ఉన్నా సరే. చాలా ఫోన్ల లెన్సు రంధ్రం మారదు కాబట్టి ఈ లెక్క నడుస్తుంది. లెన్సు మాత్రం రోజూ అదే ఉండాలి, హెచ్‌డీఆర్ ఆపి ఉండాలి. లేకపోతే అది నాలుగైదు ఫ్రేములను కలిపి వండేసి మనకు ఒకటి వడ్డిస్తుంది.

ఇంతకంటే శుభ్రమైన దారి ప్రో మోడ్. ఐఎస్‌ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ ఒకసారి పెట్టి ఇక ముట్టుకోకూడదు. కొన్ని ఫొటోలు నల్లగా వస్తాయి, కొన్ని తెల్లబోతాయి. రానివ్వండి. ఆ నలుపూ తెలుపే మనకు కావలసిన కొలత.

రెండో అడ్డంకి చోటు. ఒక్క అడుగు పక్కకు జరిగినా దగ్గరి వస్తువు దూరపు వస్తువు మీద జరిగిపోతుంది. అందుకే పాత ఫొటోల చోట్లను వెతికి మళ్ళీ తీసేవాళ్ళు పాటించే పద్ధతి ఒకటుంది. దగ్గర ఒకటి, దూరంగా ఒకటి రెండు గుర్తులు ఎంచుకోవడం. కిటికీ గ్రిల్లు మీది ఒక స్క్రూ తల, దూరపు మేడ మీది ట్యాంకు మూల, ఈ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడే దాకా ఫోనును జరపాలి. స్టాండు లేకపోయినా మిల్లీమీటర్ల తేడాతో అదే చోటు దొరుకుతుంది.

ఈ పట్టుదల దేశమంత స్థాయిలో ఎలా ఉంటుందో చూడాలంటే కొడైకెనాల్ కొండకు వెళ్ళాలి. అక్కడి సౌర వేధశాల 1899లో మొదలైంది. దాని వెనక మన కథ కొంత ఉంది. రాయలసీమ వాసులు ధాత కరువుగా చెప్పుకునే 1876-78 నాటి కరువు దక్షిణాదిని ఊడ్చేసిన రోజుల్లోనే, సూర్యుడి మచ్చలకూ వానలకూ లంకె ఉందేమోనన్న చర్చ ఊపందుకుంది. 1877లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్, వలస ప్రభుత్వ అధికారి విలియం హంటర్ కలిసి మచ్చలు, కరువుల మీద ఒక వ్యాసమే రాశారు. మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి. కరువులూ అదే వరసలో వస్తుంటే ముందే తెలుసుకోవచ్చన్నది ఆశ. సూర్యుణ్ణి రోజూ కనిపెట్టి చూడాలన్న వాదనకు అది బలమిచ్చింది. వాన రాకను ముందే చెప్పగలిగేంత గట్టిగా ఆ లంకె నిలవలేదు. ఫొటోలు మాత్రం ఆగలేదు.

1904 నుంచి అక్కడ ఆకాశం తెరిపిగా ఉన్న ప్రతిరోజూ సూర్యుణ్ణి చిత్రిస్తూ వచ్చారు. మొదట గాజు పలకల మీద, తర్వాత ఫిల్ము మీద. నేల వేడెక్కి గాలి అలలు లేవకముందే, ఉదయం పూటే పని మొదలవుతుంది. మామూలు వెలుగులో తీసినవి ఒక వరస. కాల్షియం వెదజల్లే ఒక్క ఊదా రంగులోనే తీసినవి మరో వరస. 1912 నుంచి హైడ్రోజన్ ఎరుపులో తీసినవి ఇంకో వరస. 1960లో ఈ వేధశాల పగ్గాలు చేపట్టిన వేణు బాపు హైదరాబాదులో పెరిగినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు.

ఒక్క పలక చూస్తే ఏముంది? తెల్లటి బిళ్ళ మీద నాలుగు నల్ల చుక్కలు. మచ్చ దగ్గర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న సుమారు 5,800 కెల్విన్ల కంటే వెయ్యీ రెండు వేలూ తక్కువ కాబట్టి అక్కడ వెలుగు తక్కువ, అంతే. వరసగా పదిహేను రోజుల పలకలు పేరిస్తే చుక్కలు ఒక అంచు నుంచి రెండో అంచుకు నడుస్తాయి, సూర్యుడు తిరుగుతున్నాడని తెలుస్తుంది. మధ్యరేఖ దగ్గరి మచ్చలు తొందరగా, దానికి దూరపు మచ్చలు నెమ్మదిగా కదులుతాయి. సూర్యుడు గట్టి బంతి కాదు, వాయువుల ముద్ద కనుక అన్ని చోట్లా ఒకే వేగంతో తిరగడు. పదకొండేళ్ళ ఫొటోలు పేరిస్తే ఇంకోటి బయటపడుతుంది. చక్రం మొదట్లో మచ్చలు 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర పుట్టి, ఏటేటా కొత్తవి మధ్యరేఖకు చేరువగా పుడుతూ వస్తాయి. ఇంగ్లండులోని గ్రీనిచ్ ఫొటోల నుంచి మాండర్ దంపతులు దీన్ని బొమ్మ గీసి చూపితే సీతాకోకచిలుకల వరసలా వచ్చింది. ఏ ఒక్క రోజు ఫొటోలోనూ ఆ సీతాకోకచిలుక లేదు.

కాల్షియం వరసకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. ఆ రంగులో మెరిసే చోట్లు అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్న చోట్లతో సరిపోలుతాయి. సూర్యుడి అయస్కాంత పటాలు క్రమంగా తీయడం మొదలైంది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో. అంతకు ముందు ఏం జరిగిందో ఈ పలకలే చెప్పాలి. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాటిని స్కాన్ చేయించింది. పరిశోధకులకు తలనొప్పి ఎక్కడంటే, మన ఫోను దగ్గర వచ్చిన చోటే. దశాబ్దాల్లో పలకల మీది రసాయన పూత మారింది, ఎక్స్‌పోజర్ మారింది. సూర్యుడు మారాడా, పలక మారిందా అని విడదీయడానికే సగం శ్రమ పోతోంది.

మనం సూర్యుడి మీదికి కెమెరా ఎత్తక్కర్లేదు. ఎక్కిన సూర్యుణ్ణి కెమెరా వ్యూఫైండర్లోంచి చూస్తే చూపే పోవచ్చు, నీడ చాలు. డాబా మీద మీటరు కర్ర ఒకటి నిటారుగా నిలపాలి, దారానికి బరువు కట్టి సరిచూసుకోవచ్చు. ఉత్త కర్ర అయితే నీడ కొస అలికినట్టు ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ, కాబట్టి మీటరు దూరంలో నీడ అంచు సెంటీమీటరు దాకా మసకబారుతుంది. అందుకే కర్ర పైన చిన్న రేకు బిగించి మధ్యలో మేకుతో రంధ్రం చేస్తే నేల మీద గుండ్రటి వెలుగు మచ్చ పడుతుంది. అది సూర్యుడి బొమ్మే. అంటే ఒక కెమెరా తీసిన బొమ్మను ఇంకో కెమెరాతో తీస్తున్నామన్నమాట. పక్కన స్కేలు పెట్టి, రోజూ అదే నిమిషానికి, అదే చోటు నుంచి ఫొటో తీయాలి.

ఏ నిమిషానికి? మన గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. దానికి పడమరగా ఒక్కో డిగ్రీకి పన్నెండు గంటలకు నాలుగు నిమిషాలు కలపాలి. హైదరాబాదుకు 12.16, తిరుపతికి 12.12, విజయవాడకు 12.07 ప్రాంతం. రేఖకు కాస్త తూర్పునున్న విశాఖకు 11.57.

హైదరాబాదులో డిసెంబరు 21న వెలుగు మచ్చ కర్రకు ఉత్తరంగా 86 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. మే 9 ప్రాంతంలో కర్ర మొదట్లోకి ముడుచుకుంటుంది. ఆ తర్వాత దక్షిణానికి దాటి జూన్ 21న పదిన్నర సెంటీమీటర్లు వెళ్ళి, ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ కర్ర పాదం దగ్గరికి వస్తుంది. ఇంతవరకూ ఊహించదగిందే. ఊహించనిది ఏమిటంటే, మచ్చ ఒకే గీత మీద వెళ్ళి రాదు. నవంబరు మొదట్లో తూర్పుకు, ఫిబ్రవరిలో పడమరకు ఏడెనిమిది సెంటీమీటర్లు తొలగుతుంది. ఏడాది ఫొటోలను ఒకదాని మీద ఒకటి పరిస్తే ఒక వలయం పెద్దదిగా, ఒకటి చిన్నదిగా 8 అంకె తేలుతుంది. ఆకాశంలోని ఈ అంకెనే అమెరికాలో డెనిస్ డి సికో 1978-79లో ఒకే ఫిల్ము ముక్క మీద నలభైకి పైగా సార్లు సూర్యుణ్ణి పట్టి చూపించాడు.

కారణాలు రెండు. భూమి కక్ష్య నిఖార్సైన వృత్తం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చి వడిగా నడుస్తుంది, జులైలో 15.2 కోట్ల కిలోమీటర్లకు పోయి నెమ్మదిస్తుంది. రెండోది భూమి అక్షం 23.4 డిగ్రీల వాలు. డిసెంబరులో ఈ రెండూ ఒకవైపే లాగుతాయి. సూర్యుణ్ణి మళ్ళీ మధ్యాహ్నపు చోటికి తేవడానికి భూమి ఒక్క చుట్టు మీద ఇంకాస్త తిరగాల్సివచ్చి, ఆ రోజుల్లో నిజమైన దినం 24 గంటల కంటే అర నిమిషం ఎక్కువవుతుంది. దాంతో మధ్యాహ్నం రోజూ అర నిమిషం ఆలస్యం వైపు జారుతుంది. హైదరాబాదులో డిసెంబరు 21న 12.14కి వచ్చే మధ్యాహ్నం నెల తిరిగేసరికి 12.27కి వస్తుంది. దానితోపాటే సూర్యోదయమూ జారుతుంది. లండనులో పగలు చకచకా పెరుగుతుంది కాబట్టి కొత్త సంవత్సరానికల్లా ఉదయాలు మలుపు తిరుగుతాయి. మనకు పగటి నిడివిలో తేడా తక్కువ, అందుకే ఈ జారుడుదే పైచేయి. బస్సు కోసం నిలబడినవాళ్ళ గొణుగుడు అక్కణ్ణుంచి వచ్చింది.

సూర్యుడు వద్దనుకుంటే చెట్టు ఉంది. వీధిలోని కానుగను మాఘం నుంచి ఉగాది దాటేదాకా తీస్తే ఆకు రాల్చడం, లేత చిగురు వేయడం, ముదరడం మూడూ దొరుకుతాయి. కంటితో తేల్చకుండా, ఫొటోలో చెట్టు ఉన్న భాగానికి ఆకుపచ్చ విలువను ఎరుపు, ఆకుపచ్చ, నీలం మొత్తంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. నిష్పత్తి కాబట్టి ఎండా నీడల తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. అడవుల్లో కెమెరాలు బిగించి చిగుర్ల రాకను కొలిచే శాస్త్రజ్ఞులు వాడేదీ ఇదే.

చివరిగా, ఫొటో తీయని రోజుల సంగతి. కొడైకెనాల్లోనూ మబ్బు రోజులకు పలకల్లేవు. గ్రీనిచ్ వాళ్ళు తమ ఖాళీలను డెహ్రాడూన్, మారిషస్ ఫొటోలతో పూడ్చుకునేవారు. మనకు ఆ వీలు లేదు. నిన్నటిది పోయిందని ఈరోజు రెండు తీసి ఒకదానికి నిన్నటి తేదీ పెట్టకూడదు, ఖాళీని ఖాళీగానే రాసుకోవాలి. ఎందుకంటే ఖాళీలు ఎక్కడబడితే అక్కడ రావు. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా డాబా మీది వెలుగు మచ్చ పడవలసింది చిన్న వలయానికి పడమటి పక్క. అవి మనకు వానాకాలం రోజులు. అందుకే తెలుగు ఊళ్ళలో డాబాల మీద తేలే 8లో ఆ పక్క చుక్కలు పలచగానే ఉంటాయి. నెల్లూరు, తిరుపతి వైపు అయితే ఈశాన్య రుతుపవనం నవంబరులో పెద్ద వలయం తూర్పు పక్కను కూడా కొంత తినేస్తుంది.