జీతం వదిలి... మంచును నమ్మి!

ఎండలు మండే మన ఊళ్లలో ఐసంటే పుల్ల ఐసే. మంచు మీద డ్యాన్సంటే వింతగానే ఉంటుంది. అయినా జేన్ టార్విల్ కథ చదివినప్పుడల్లా మన ఇళ్లలో జరిగినట్లే అనిపిస్తుంది నాకు.

జేన్ 1957లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టింది. ఎనిమిదేళ్లప్పుడు బడి పిల్లలతో కలిసి రింకుకి వెళ్లి మొదటిసారి స్కేట్లు కట్టుకుంది. మైకేల్ హచిన్సన్‌తో జంటగా ఆడి బ్రిటిష్ ఛాంపియన్ అయింది. ఆ జత విడిపోయాక కొన్నాళ్లు ఒంటరి సాధనే. 1975లో క్రిస్టఫర్ డీన్ తోడయ్యాడు. ఆమె బీమా కంపెనీలో గుమాస్తా, అతను పోలీసు. డ్యూటీలు చూసుకుని, రింకులో జనం లేని వేళల్లో ప్రాక్టీసు చేసేవాళ్లు.

1980 లేక్‌ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో ఐదో స్థానం వచ్చింది. ముందు డీన్, తర్వాత జేన్ ఉద్యోగాలు మానేశారు. నెల జీతం వదులుకోవడమంటే ఏమిటో ఇల్లు నడిపే మనకి వేరే చెప్పాలా? నాటింగ్‌హామ్ నగర కౌన్సిల్ 42 వేల పౌండ్లిచ్చి ఆదుకుంది. కోచ్ బెట్టీ కాలవే దగ్గరుండి తీర్చిదిద్దింది. 1981 నుంచి 1984 వరకు వరసగా నాలుగేళ్లు ప్రపంచ ఛాంపియన్లు వీళ్లే!

1984 ఫిబ్రవరి 14న సరయేవో ఒలింపిక్స్‌లో రావెల్ స్వరపరచిన 'బొలేరో'కి ఆడారు. ఎంత కుదించినా సంగీతం 4 నిమిషాల 28 సెకన్లకి తగ్గలేదు. నిబంధన ప్రకారం 4 నిమిషాల 10 సెకన్లు దాటకూడదు. అప్పట్లో స్కేటు బ్లేడు మంచుకి తగిలాకే గడియారం మొదలయ్యేది కదా! అందుకే మొదటి 18 సెకన్లు మోకాళ్ల మీదే ఉండి నాట్యం చేశారు. ఉన్న గుడ్డలోనే జాకెట్టు కుట్టించే మనకి ఈ తెలివి నచ్చకుండా ఉంటుందా? 18 మార్కుల్లో 12 పూర్తి ఆరులే. కళాత్మకతకి తొమ్మిదిమంది జడ్జీలూ ఆరే వేశారు. స్వర్ణం వాళ్లదే.

"ఇద్దరూ మొగుడూపెళ్లాలా?" అని లోకం అడుగుతూనే ఉండేది. కాదు. 1990లో జేన్ వేరే ఆయన్ని పెళ్లాడింది. డీన్‌తో ఆట జత మాత్రం చెక్కుచెదరలేదు.

ప్రొఫెషనల్స్‌కి మళ్లీ అవకాశమిచ్చినప్పుడు, 36 ఏళ్ల వయసులో, 1994లో తిరిగి పోటీకొచ్చింది. యూరప్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో మాత్రం కాంస్యమే దక్కింది. నన్నడిగితే ఆ కాంస్యానిదే ఎక్కువ విలువ. చేతిలో స్వర్ణం ఉన్న మనిషి ఓడిపోవచ్చని తెలిసీ బరిలోకి దిగడం మాటలు కాదు. ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్స్‌లో ఆడలేదు. 2025లో ఇద్దరూ వీడ్కోలు ప్రదర్శనలిచ్చారు.

మీ అమ్మాయి కూడా ఏ ఆటలోనో ఐదో స్థానంతో ఇంటికొచ్చిందా? "ఇక చాల్లే, చదువుకో" అనేముందు ఒక్క నిమిషం ఆగండి. జేన్ అసలు ప్రయాణం మొదలైంది ఆ ఐదో స్థానం దగ్గరే!