పొగబెట్టిన కోడిమాంసము: సాయంకాలపు సులభ భోజనము

మన తల్లుల కాలమున వంటయిల్లనిన పొగయే. తుమ్మకట్టెలు, పిడకలు, కొబ్బరిమట్టలు, వానకు తడిసిన చితుకులు వీనిని ఊదుచు కన్నులెఱ్ఱవడని యిల్లాలు కృష్ణా డెల్టాలో అరుదు. 1999 లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016 లో దేశమంతట ఉజ్జ్వల పథకమును వచ్చిన పిదప గ్యాసుపొయ్యి పేదయిండ్లకు సైతము చేరినది. ఇండ్లలోని పొగవలన 2020 లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము పాలైరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. ఇంతటి కీడు చేసిన పొగను వెడలగొట్టి, నేడు రుచికొఱకు మనమే మఱల పిలుచుకొనుట తగునాయని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. కన్నులకును ఊపిరితిత్తులకును చేటు రాకుండ, పొగలోని రుచిని మాత్రము గ్రహించు విధమును ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

పొగ మనకు క్రొత్తది కాదు

పొగబెట్టిన మాంసము దొరల వంటకమని కొందఱు తలతురు. కాని పొగతో రుచి గూర్చుట మన స్త్రీలకు చిరకాలమునుండి తెలిసిన విద్యయే. ఆవకాయ పెట్టుటకు ముందు నిప్పుకణికపై ఇంగువ వేసి, ఆ పొగపై జాడీని బోర్లించుట అనేక గృహములందు గల ఆచారము. దాలిలో పిడకలసెగపై ప్రొద్దుననుండి సాయంకాలమువఱకు కాగిన పాలకు మీగడ ఎఱ్ఱబారి, ఆ పెరుగునకొక కమ్మని పొగవాసన పట్టెడిది. ఆ రుచిని నేటికిని తలచుకొను పెద్దలు దివిసీమలోను, గుడివాడ ప్రాంతమునను కలరు. నిప్పులపై కాల్చిన వంకాయతో చేసిన పచ్చడి రుచికిని ఈ పొగయే మూలము.

కట్టె భగ్గున మండక నిదానముగ రాజినపుడు దానిలోని లిగ్నిన్ అను పదార్థము విడిపోయి, గ్వయకాల్ మొదలగు సువాసన ద్రవ్యములు పుట్టును. అవి మాంసముపై పట్టి రుచినిచ్చును. పలుచని పొగ కమ్మదనము నిచ్చును. దట్టమైన తెల్లని పొగ చేదు నిచ్చును. కావున పొగ ఎక్కువైనకొలది రుచి హెచ్చునని భ్రమపడరాదు.

ఱొమ్ముమాంసము గుణము

నేడు బెజవాడ దుకాణములలో ఎముక లేని ఱొమ్ముమాంసము విడిగా దొరకుచున్నది. అందు క్రొవ్వు స్వల్పము, మాంసకృత్తులు అధికము. శుభ్రము చేయుట సులభము, ఉడుకుట త్వరితము. కాని క్రొవ్వు లేనందున ఏమాత్రము ఎక్కువ ఉడికినను పీచుపీచుగానై గొంతు దిగదు. ఇందులకు ఉప్పునీటిలో నానబెట్టుట మంచి యుపాయము. ఉప్పు మాంసములోని కృత్తులను కొంత సడలించును; అందుచే అవి ఉడుకునపుడు నీటిని పూర్తిగా విడువక పట్టియుంచును.

కావలసినవి

నలుగురికి అర కిలో ఱొమ్ముమాంసము చాలును. లీటరు నీటికి 60 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల బెల్లము. పూతకు రెండు చెంచాల నూనె, చెంచాడు మిరియాలపొడి, చెంచాడు ధనియాలపొడి, నాలుగు వెల్లుల్లిరెబ్బలు, చిటికెడు పసుపు. పొగకు గుప్పెడు బియ్యము, రెండు చెంచాల తేయాకు, రెండు చెంచాల బెల్లపుతురుము. బియ్యము, తేయాకు, తీపి కలిపి పొగబెట్టుట చీనాదేశపు పద్ధతి. ఈ మూడును మన యింట ఎల్లప్పుడు నుండునవియే గనుక కట్టెకొఱకు వెదుకులాడు పనిలేదు.

చేయు విధము

మాంసపుముక్కలు ఒకవైపు లావుగను, ఒకవైపు సన్నముగను ఉండును. లావైన భాగమును కత్తితో అడ్డముగ చీల్చి, ముక్కలన్నియు వ్రేలిమందముగ నుండునట్లు చేసికొనవలెను. ఉప్పును బెల్లమును నీటిలో కరగించి, ముక్కలను అందు మునుగునట్లు వేసి, రెఫ్రిజిరేటరులో రెండు గంటలుంచవలెను. తరువాత తీసి, తడిలేకుండ తుడిచి, నూనెతో కలిపి నూరిన మసాలా పూయవలెను. మఱల ఉప్పు వేయరాదు.

పిమ్మట ముక్కలను పళ్లెములో పఱచి, ఇడ్లీపాత్రలో ఆవిరిపై 12 మొదలు 15 నిమిషములు ఉడికించవలెను. పొగ కంటె ముందే ఉడికించుట యేలయన, మూకుటిలో బెట్టు కొద్దిపాటి పొగ రుచి నిచ్చునే గాని మాంసమును లోపలివఱకు నమ్మకముగ ఉడికింపనేరదు. లావైన ముక్క నడుమ 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చేరిన గాని ఉడికినట్లు కాదు. వంటకు వాడు ఉష్ణమాపకము బజారున దొరకును. దానిని గ్రుచ్చి చూచుట మేలు. రంగును మాత్రమే నమ్మరాదు. ఉడికిన ముక్కలను తీసి, పైతడి ఆఱునట్లు ఐదు నిమిషములుంచవలెను. తడిమీద పొగ సరిగా పట్టదు.

ఇపుడు పాత ఇనుపమూకుటిలో అల్యూమినియము రేకు పఱచి, పొగద్రవ్యములను వేయవలెను. నాన్‌స్టిక్ పెనము ఇందులకు పనికిరాదు. ఒట్టిగా మిక్కిలి కాగినచో దాని పూత చెడి హానికరమైన ఆవిరి వెడలును. ద్రవ్యములపై కాళ్లున్న తీగె జల్లెడ నుంచి, పొయ్యి వెలిగించి, సన్నని పొగ లేచినంతనే ముక్కలను జల్లెడపై పేర్చి, బిగువైన మూత వేయవలెను. మూత అంచుచుట్టును తడిపిన గోధుమపిండి మెత్తినచో పొగ వెలికి రాదు. మంట తగ్గించి 8 నిమిషములుంచి, పొయ్యి ఆర్పి, మఱి 5 నిమిషములకు మూతను కిటికీవైపు వంచి తెఱవవలెను. ముక్కలు తేనెరంగున నుండును.

పెరడు గలవారికి

పెరడున్నవారు కుంపటిలో బొగ్గులను తెల్లని నుసి పట్టువఱకు కాల్చి, ఒక ప్రక్కకు త్రోసి, వానిపై ఎండిన మామిడి లేక జామచెక్కలు రెండు వేయవలెను. నూజివీడు ప్రాంతపు మామిడితోటలవారికి ఇది కరవు లేని వస్తువు. ఉప్పునీట నానిన పచ్చిముక్కలను, తుడిచి మసాలా పూసి, నిప్పులేని వైపున పైనున్న తీగెపళ్లెముపై ఉంచి, వెడల్పాటి పాత్ర మూయవలెను. గాలి ఆడుటకు కొంచెము సందు విడువవలెను. ముప్పావుగంట మొదలు గంటలో ఉడుకును. ఇందును 74 డిగ్రీల నియమమే ప్రమాణము. రంగుపూసిన పలకలు, ప్లైవుడ్డు, విషవృక్షమగు గన్నేరు ఎన్నడును వాడరాదు.

మఱువరాని జాగ్రత్తలు

బొగ్గులకుంపటిని తలుపులు మూసిన గదిలో నుంచుట ప్రాణాంతకము. బొగ్గునుండి వెడలు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. మనుష్యుడు నిద్రలోనే మరణించును. వాన కురియుచున్నను కుంపటిని లోనికి తేరాదు. మూకుటిపద్ధతియందును కిటికీలు తెఱచి, పసిబిడ్డలను ఉబ్బసమున్నవారిని దూరముగ నుంచవలెను.

పచ్చిమాంసమును కొళాయిక్రింద జల్లున కడుగుట మన అలవాటు. ఆ తుంపరలతో సాల్మొనెల్లా మొదలగు సూక్ష్మక్రిములు గిన్నెలపైకిని కూరగాయలపైకిని చిందును. కడుగక తృప్తి లేనివారు గిన్నెలోని నీటిలో మెల్లగ కడిగి, ఆ నీటిని జాగ్రత్తగ పారబోసి, చేతులను తొట్టిని సబ్బుతో తోముకొనవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను, ఎన్టీఆర్ జిల్లాలోని గంపలగూడెము వైపునను కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకినపుడు అనేక గృహములలో కోడికూర మానివేసిరి. ఆ వైరసు సైతము 74 డిగ్రీల వేడికి నశించును. భయపడి మానుటకంటె, పచ్చిమాంసమును శుభ్రముగ ముట్టి, పూర్తిగ ఉడికించుటయే వివేకము.

పొగ పట్టినది గనుక మాంసము నిలువయుండునని తలచుట గొప్ప పొరపాటు. పూర్వులు నిలువకొఱకు అధికముగ ఉప్పువేసి, దినములతరబడి ఎండబెట్టి పొగబెట్టెడివారు. మనము బెట్టు పొగ రుచికి మాత్రమే. రోహిణికార్తె యెండలలో గంటకు మించి బయట నుంచరాదు; రెఫ్రిజిరేటరులో నుంచినను మూడు దినములలో ముగింపవలెను.

మఱియొక మాట. పొగబెట్టిన మాంసమును నిత్యము భుజించుట మంచిది కాదు. 2015 లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ ఉప్పు, పొగ మొదలగువానితో నిలువజేసిన మాంసములను క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది. కావున ఇది నెలకొకటి రెండు మార్లు చేసికొను వేడుకవంటగ నుండవలెను గాని దినవారీ కూర కారాదు.

వడ్డించు విధము

ముక్కలను పీచునకు అడ్డముగ సన్నగ కోసి, నిమ్మరసము పిండి, ఉల్లిచక్రములతో వడ్డింపవలెను. వేడియన్నము, ముద్దపప్పు, నేయి, గోంగూరపచ్చడి ప్రక్కనున్నచో వేఱు కూర అక్కఱలేదు. పిల్లలకు చపాతీలో చుట్టి పెరుగుపచ్చడితో నీయవచ్చును. శాకాహారులగు సోదరీమణులు ఈ మూకుటిలోనే పన్నీరునకుగాని, ఉడికిన బంగాళాదుంపలకుగాని ఐదు నిమిషములు పొగబెట్టి చూడవచ్చును. మధ్యాహ్నము ఉప్పునీట వేసి యుంచినచో సాయంకాలము పొయ్యిదగ్గఱ అరగంట పని మాత్రమే. ఉద్యోగమునకు పోయివచ్చు సోదరీమణులకు ఇది మిక్కిలి అనుకూలముగ నుండును.