లైబ్రరీ కంప్యూటర్‌లో సైట్ ఓపెన్ కావట్లేదా? ఫిల్టర్ తీయమని అడగొచ్చు!

అమెరికాలో ఇంట్లో కంప్యూటర్, ఇంటర్నెట్ లేనివారికి పబ్లిక్ లైబ్రరీయే దిక్కు. ఉద్యోగ దరఖాస్తులు, ప్రభుత్వ ఫారాలు, ఆరోగ్య సమాచారం.. అన్నీ అక్కడే. చదువు కోసం వెళ్లిన తెలుగు విద్యార్థులు, పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు కూడా ఈ లైబ్రరీలను వాడుకుంటారు. అయితే చాలా చోట్ల ఆ కంప్యూటర్లలో ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అదెందుకు? అడ్డొస్తే ఏం చేయాలి?

ఫిల్టర్ ఎందుకు పెడతారు?

2000 డిసెంబరులో ‘చిల్డ్రన్స్ ఇంటర్నెట్ ప్రొటెక్షన్ యాక్ట్’ వచ్చింది. ‘ఈ-రేట్’ పథకం కింద లైబ్రరీలకు 20 నుంచి 90 శాతం వరకు రాయితీ దొరుకుతుంది. ఇంటర్నెట్ కోసం ఆ రాయితీ తీసుకుంటే ఫిల్టర్ పెట్టాల్సిందే. వద్దనుకుంటే ఈ చట్టం కింద ఆ షరతు వర్తించదు. అశ్లీల చిత్రాలు, పిల్లలకు హాని చేసే చిత్రాలను అడ్డుకోవడమే దీని ఉద్దేశం. అక్షరాల్లో ఉన్న సమాచారాన్ని ఆపమని చట్టం చెప్పలేదు.

మరి ఇబ్బంది ఎక్కడ?

వెబ్ చిరునామాల జాబితాలు, కొన్ని పదాల ఆధారంగా ఫిల్టర్ పనిచేస్తుంది. సందర్భాన్ని మనిషిలా అర్థం చేసుకోలేదు. దాంతో రొమ్ము క్యాన్సర్, లైంగిక ఆరోగ్యం వంటి పేజీలూ ఆగిపోవచ్చు. ఆపాల్సినవి కొన్ని తప్పించుకోనూవచ్చు.

కోర్టు ఏమంది?

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఈ చట్టాన్ని సవాలు చేసింది. 2002లో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టు లైబ్రరీలకు సంబంధించిన నిబంధనలను కొట్టేసింది. కానీ 2003 జూన్ 23న సుప్రీంకోర్టు 6-3 తేడాతో చట్టాన్ని సమర్థించింది. పెద్దలు అడిగితే ఫిల్టర్ తీసే వీలుండటం ఆ తీర్పులో కీలకమైంది. అందుకు కారణం చెప్పక్కర్లేదని ప్రభుత్వ న్యాయవాదే విచారణలో చెప్పారు.

మీరేం చేయాలి?

17 ఏళ్లు నిండినవారు చట్టబద్ధమైన ఏ అవసరానికైనా ఫిల్టర్ తీయమని సిబ్బందిని అడగొచ్చు. అయితే ఫిల్టర్ ‘తీయవచ్చు’ అంటుంది చట్టం, ‘తీయాల్సిందే’ అనదు. అడిగినా పూర్తిగా తీయని ఒక లైబ్రరీ విధానాన్ని 2010లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం సమర్థించింది. కాబట్టి ముందుగా మీ లైబ్రరీ ఇంటర్నెట్ విధానం చూడండి. పూర్తిగా తీయకపోతే ఆ ఒక్క సైట్‌నైనా తెరవమనండి.

జబ్బు పేరు చెప్పుకోవాల్సి వస్తుందన్న మొహమాటంతో చాలామంది అడగకుండానే లేచి వెళ్లిపోతారు. ‘ఫిల్టర్ తీయండి’ అంటే చాలు.