నల్లరాతి గుట్ట మీద ఎద్దుల బొమ్మలు

కొమరోలు పక్క పెద్దవాళ్లకు పలక అంటే మార్కాపురం రాతిపలకే. బలపం కనబడకపోతే పిల్లలు మేకుతోనో, గులకరాయితోనో గీసేవారు. నల్లటి రాతి మీద తెల్లటి గీత పడేది. ఇంట్లో తిట్లూ పడేవి. బలపం గీత తడిగుడ్డకు పోతుంది, మేకు గీత పోదు మరి.

అలా పోని గీతలను కొండ మీదే గీసినవాళ్లున్నారు. అవి చూడాలంటే బళ్లారి వెళ్లాలి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలంలో మన కంభం సీమా ఉంది, బళ్లారీ ఉంది. రాష్ట్రాలు వేరైనా బళ్లారి వీధుల్లో తెలుగు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఊరికి ఈశాన్యంగా, కొద్ది దూరంలోనే సంగనకల్లు, కుప్గల్ గ్రామాల గుట్టలున్నాయి. వాటిలో ఒకటి హిరేగుడ్డ. కన్నడంలో పెద్ద గుట్ట అని. ఎండ ముదరకముందే ఎక్కడం మొదలుపెడితే మంచిది, పైకి పోయేకొద్దీ బండరాళ్లే. ఆ గ్రానైటు మధ్య నల్లటి డోలరైట్ రాయి ఒక చారలా సాగుతుంది. కొత్త రాతియుగం మనుషులు గొడ్డళ్లు చేసుకున్నది ఆ రాతితోనే. బొమ్మలకు పలకైనదీ అదే.

మూపురం, పొడవాటి కొమ్ములు ఉన్న ఎద్దులు ఎక్కువ. అక్కడక్కడ మనుషులు. రంగు పూసినవి కావు. ఎండకూ వానకూ నల్లబడిన పైపొరను మరో రాయితో పొడిచి పొడిచి లేపితే, లోపలి లేత రంగు బయటపడింది. అదే బొమ్మ. వీటిలో తొలినాటివి నాలుగైదు వేల ఏళ్ల నాటివి కావచ్చని పరిశోధకుల అంచనా. కొన్ని నిలబడడానికి చోటే లేని ఎత్తులో ఉన్నాయి. చెక్కినవాడు ఒళ్లు మెలితిప్పుకునో, వేలాడుతూనో ఆ పని చేసి ఉండాలి. తీరిక దొరికి చేసిన పనిలా అనిపించదు. అక్కడే గుంటలు పడ్డ కొన్ని బండలున్నాయి. రాయి పెట్టి కొడితే గంటలా మోగుతాయి. బొమ్మలు చెక్కేటప్పుడు ఆ మోత కూడా వినిపించేదేమో!

ఫాసెట్ అనే ఇంగ్లీషు అధికారి 1892లోనే వీటి గురించి రాశాడు. ఆ తర్వాత ఇవి చాలాకాలం మరుగున పడ్డాయి. పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ 2004లో వీటిపై మళ్లీ రాస్తూ, గ్రానైటు క్వారీలు గుట్టను తినేస్తున్నాయని హెచ్చరించింది.

ఇంగ్లండులో ఇలాంటి బొమ్మల కోసం జనం పనిగట్టుకుని కొండలెక్కుతారు. అఫింగ్టన్ దగ్గరి తెల్లగుర్రం పొడవు 110 మీటర్లు. వయసు దాదాపు 3,000 ఏళ్లు. అక్కడి పలక పచ్చగడ్డి. గడ్డిని, మట్టిని గాడిలా తవ్వి, అందులో తెల్లసుద్ద కూరారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ విమానాలకు గుర్తు కాకూడదని దాన్ని మట్టిగడ్డలతో, కొమ్మలతో కప్పేసి, యుద్ధమయ్యాక మళ్లీ తెరిచారు. పట్టించుకోకపోతే గడ్డి కమ్మేస్తుంది. అందుకే వేసవిలో మామూలు జనమే సుత్తులు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, కొత్త సుద్దను దంచి గాడి నింపుతారు.

ఆ గుర్రానికి తరతరాల చాకిరీ కావాలి. మన ఎద్దులు అంత అడగవు. గుట్టను పేల్చకుండా వదిలేస్తే చాలు.

ఇలాంటివి ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లి దగ్గర బండ మీద చెక్కిన ఏడున్నర మీటర్ల వలయం లోకానికి తెలిసింది 2023లోనే. కాబట్టి నల్లమల అంచున గొర్రెలు మేపుకునేవారికి, భైరవకోన దారిన నడిచేవారికి ఒక మనవి. బండ మీద పాతకాలపు బొమ్మ కనబడితే సుద్దతో దిద్దవద్దు, నీళ్లు పోసి రుద్దవద్దు, పక్కన పేర్లు చెక్కవద్దు. ఒక ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, పురావస్తు శాఖకు చెప్పండి.