పంజరపు పక్షులు – విషపు మొక్కలు

పచ్చగన్నేరు కొమ్మపై వాలి కోకిల దాని కాయలను తినడం పక్షి పరిశీలకులు పలుమార్లు గమనించిన విషయమే. ఆ కాయలోని గింజలు మనిషి ప్రాణం తీయగలవు. కోకిల మాత్రం తిని ఎగిరిపోతుంది. ఇటువంటి దృశ్యాలు చూసి, పక్షులకు చెట్ల విషం అంటదనీ, సరిపడనిదాన్ని అవే విడిచిపెడతాయనీ భావించేవారున్నారు. పంజరంలో పెరిగే పక్షి విషయంలో ఈ భావన ప్రమాదకరం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పంజరంలో ఉంచడం నేరం. అందువల్ల ఇళ్లలో పెంచుతున్నవి ఎక్కువగా ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్, కాకటీల్ వంటి విదేశీ జాతులు. ఇక్కడి పెరటి మొక్కలతో వాటికి పూర్వపరిచయం లేదు. పైగా చిలుకజాతి పక్షికి ముక్కే చేయి. ఆకలి లేకున్నా, పొద్దుపోకనే అందిన ఆకునల్లా కొరికి చీలుస్తుంది. బడ్జెరిగార్ బరువు సుమారు 30 నుంచి 40 గ్రాములు. అంత చిన్న దేహానికి కొద్దిపాటి విషమే ఎక్కువ.

మన పెరళ్లలో కనిపించే గన్నేరును సంస్కృతంలో కరవీరమంటారు. అమరకోశం దీనికి ‘హయమారకం’ అనే పర్యాయపదాన్ని కూడా చెప్పింది. గుర్రాన్ని చంపేదని దాని అర్థం. పేరు పెట్టిన పూర్వులు ఆ మొక్క గుణాన్ని ఎరిగినవారే. ఆకు, పువ్వు, బెరడు అన్నింటిలోనూ గుండె లయను చెడగొట్టే పదార్థాలున్నాయి. పక్షి కూర్చోవడానికి పంజరంలో అమర్చే కర్ర గన్నేరుది కాకూడదు.

అవకాడో సంగతి ఇందుకు భిన్నం. మనుషులు ఇష్టంగా తినే ఈ పండులోనూ, దాని ఆకులలోనూ పెర్సిన్ అనే పదార్థం ఉంది. మనిషికి హాని చేయని ఆ పదార్థం పంజరపు పక్షుల గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. గుండె చుట్టూ నీరు చేరి, ఊపిరాడక, ఒకటి రెండు రోజులలోనే పక్షి మరణించవచ్చు. ప్రేమతో తినిపించిన ముక్కే ప్రాణాంతకమవుతుంది.

వరండాలో అలంకారానికి పెంచే డిఫెన్‌బాకియా ఆకులలో సూదులవంటి స్ఫటికాలుంటాయి. అవి నోటినీ గొంతునూ గుచ్చి వాపు పుట్టిస్తాయి. ఆముదపు గింజలు, గురిగింజలు నమిలితే మనిషికే ప్రాణాపాయం.

పక్షి తన అనారోగ్యాన్ని చివరివరకు దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించుకుని, మేత మాని, పంజరం అడుగున కూర్చున్నదంటే ఆలస్యం చేయక పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. పెర్సిన్‌కు విరుగుడు మందు లేదు. ఇతర విషాల విషయంలో, పక్షి కొరికిన ఆకును వెంట తీసుకొనిపోతే చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో వైద్యునికి తెలుస్తుంది.