కాకినాడ బురదలో పక్షుల లెక్క

ప్రపంచం మొత్తమ్మీద గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన ఇండియన్ స్కిమ్మర్లు 2,450 నుంచి 2,900 వరకే ఉంటాయని 2020లో అంచనా వేశారు. ఓ మోస్తరు ఊరి జనాభా అంత. ఆ ఏడాదే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ పక్షిని ‘అంతరించే ప్రమాదం’ (ఎన్‌డేంజర్డ్) వర్గంలోకి మార్చింది. వేసవిలో చంబల్ లాంటి పెద్ద నదుల ఇసుక తిన్నెల మీద ఇది గుడ్లు పెడుతుంది. చలికాలంలో సముద్రతీరాలకు వస్తుంది. అలా వచ్చే ముఖ్యమైన చోట్లలో మన కాకినాడ ఒకటి.

ఒకసారి చూస్తే మరిచిపోలేని పక్షి ఇది. నారింజ రంగు ముక్కులో కింది దవడ పై దవడ కన్నా పొడవు. నోరు తెరిచి, కింది దవడను నీటిలో ముంచి, నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. కోరింగ మడ అడవుల అంచున, కుంభాభిషేకం రేవు దగ్గరి బురద నేలల మీద ఇవి గుంపుగా, అన్నీ గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటాయి.

ఇంత స్పష్టంగా కనిపించే పక్షిని లెక్కపెట్టడం తేలికే అనిపిస్తుంది. కాదు. ఆటు సమయంలో బురద కిలోమీటర్ల మేర బయటపడి, తీరపు పక్షులన్నీ మేతకు చెదిరిపోతాయి. పోటు వచ్చి నీళ్లు కమ్మేకొద్దీ మిగిలిన కాస్త పొడి నేల మీదకు చేరుకుంటాయి. లెక్కపెట్టేవాళ్లు ఆ గంట కోసమే కాచుకుంటారు. నిరుడు పోటులో లెక్కపెట్టి ఈ ఏడు ఆటులో లెక్కపెడితే, వచ్చిన తేడా పక్షులది కాదు, నీళ్లది. గుంపు పెద్దదైతే మొదట పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, అవి ఆక్రమించిన చోటును కొలతగా పెట్టుకుని మిగతా గుంపును అంచనా కడతారు. ఎంత అనుభవం ఉన్నా పది శాతం అటూ ఇటూ కావడం మామూలే.

కాకినాడ లెక్కకు ఎందుకంత విలువ? చిత్తడి నేలలకు అంతర్జాతీయ గుర్తింపునిచ్చే రామ్‌సర్ ఒప్పందంలో ఒక నియమం ఉంది. ఒక నీటిపక్షి జాతి సంఖ్యలో 1 శాతం క్రమం తప్పకుండా ఒక చోటికి వస్తుంటే ఆ చోటు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నదే. ప్రపంచంలో కొన్ని వేలే ఉన్న పక్షికి 1 శాతం అంటే కొన్ని పదులే. ఒక తిన్నె మీద పదుల సంఖ్యలో స్కిమ్మర్లు ఏటా వాలుతున్నాయని రాసిపెట్టిన నోటు పుస్తకం ఉంటే, రేపు అక్కడ రేవు కట్టాలా వద్దా అన్న చర్చలో అది గట్టి సాక్ష్యం.

గతంలో ఈ పక్షుల సంఖ్య 6,000 నుంచి 10,000 అని చెప్పేవారు. అంతలోనే సగానికి పైగా చచ్చిపోయాయని అనుకోకూడదు. పాత అంకెలో ఊహ పాలు ఎక్కువ. నిజంగా ఎన్ని తగ్గాయో తేల్చాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి రాసిన లెక్కలు కావాలి. నన్ను అడిగితే పరిరక్షణలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే.

అలాంటి లెక్కలు ఏం చెప్పగలవో దక్షిణ కొరియాలో తేలింది. 2006లో సేమంగమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ సముద్రాన్ని పూర్తిగా మూసేసింది. గ్రేట్ నాట్ అనే పక్షి సైబీరియాకు వెళ్తూ ఆగి మేసే బురద నేల దాని వెనక చిక్కుకుపోయింది. పక్షులు పక్క తీరానికి వెళ్లిపోతాయిలే అన్నారు. పక్షుల పరిశీలకులు మూడేళ్లపాటు చుట్టుపక్కల తీరాల్లోనూ లెక్కపెట్టారు. దాదాపు 90,000 పక్షులు ఎక్కడా తేలలేదు. అవి చలికాలం గడిపే ఆస్ట్రేలియాలోనూ లెక్క పడిపోయింది. 2015లో గ్రేట్ నాట్ కూడా స్కిమ్మర్ ఉన్న ఆ ప్రమాద వర్గంలోకే చేరింది. ఆస్ట్రేలియాలో ఎవరో ఏటా ఓపిగ్గా లెక్క రాసి ఉంచకపోతే ‘పక్కకు వెళ్లాయిలే’ అన్న మాటే చెల్లిపోయేది.

ఏళ్ల తరబడి లెక్కల విలువ చెప్పే మరో ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడి తూర్పు తీరపు ఉప్పు చిత్తడుల్లో సాల్ట్‌మార్ష్ స్పారో అనే చిన్న పిచ్చుక ఉంది.  గడ్డి మొదట్లో, నేలకు కాస్త ఎత్తులోనే గూడు కడుతుంది. పెద్ద పోటుకూ పెద్ద పోటుకూ మధ్య సుమారు నాలుగు వారాలు. ఆ గడువులోనే గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లను గూడు దాటించాలి. సముద్రమట్టం పెరిగేకొద్దీ గూళ్లు మునుగుతున్నాయి. 1998 నుంచి 2012 వరకు ఇవి ఏటా 9 శాతం చొప్పున తగ్గాయని లెక్క తేల్చింది. వంద పక్షులు మరుసటి ఏటికి 91. పది శాతం పొరపాటు మామూలైన చోట ఈ తేడాను ఎవరూ పట్టలేరు. కానీ ఎనిమిదేళ్లకు ఆ వంద 47 అవుతుంది. ఒక్క ఏటి లెక్క దాచినదాన్ని ఎనిమిదేళ్ల వరస బయటపెడుతుంది.

ఇలాంటి వరస కోసమే 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దీనికి తోడుగా ఉంది. లెక్కపెట్టేది ఎక్కువగా మామూలు జనమే. తీరానికి దూరంగా ఉన్న ఇబ్రహీంపట్నం పెద్దచెరువు లాంటి చోట ఉప్పునీరూ లేదు, పోటూ లేదు. అయినా పని అదే. బైనాక్యులర్, నోటు పుస్తకం ఉంటే చాలు. ఏటా అదే కట్ట మీద, అదే వేళకు నిలబడండి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రాయండి. పక్షుల్ని లేపకండి, ఎగిరితే రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. నిరుడు కనిపించిన పక్షి ఈసారి కనిపించకపోతే గడి ఖాళీగా వదలకుండా సున్నా వేయండి. ఈ జనవరిలో ఒక్క ఉదయం కేటాయించండి, వచ్చే జనవరిలో మళ్లీ అక్కడికే వెళ్లండి.