ఈమెయిల్‌కు తాళం వేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు

2012 డిసెంబరు 11 సాయంత్రం హవాయి దీవుల్లోని హోనొలులులో, ఓ ఫర్నిచర్ దుకాణం వెనకనున్న గదిలో ఇరవై మంది దాకా పోగయ్యారు. కంప్యూటర్లో ఫైళ్లకు తాళం ఎలా వేసుకోవాలో, ఇంటర్నెట్‌లో జాడ తెలియకుండా ఎలా తిరగాలో ఉచితంగా నేర్పుతామంటే వచ్చినవాళ్లు. జాడ దాచే టోర్ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పడానికి ఆ ప్రాజెక్టులో పనిచేసే రూనా శాండ్విక్ వచ్చారు. ఫైళ్లకు తాళం వేసే ట్రూక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పిన కళ్లజోడు కుర్రాడు తన పేరు ఎడ్ అని పరిచయం చేసుకున్నాడు. ఆర్నెల్లు తిరిగేసరికి, అమెరికా నిఘా గుట్టు బయటపెట్టినవాడిగా ఎడ్వర్డ్ స్నోడెన్ అన్న అతని పూర్తి పేరు ప్రపంచమంతా మార్మోగింది.

ఆ సాయంత్రానికి పది రోజుల ముందే అతను గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే పాత్రికేయుడికి ‘సిన్సినాటస్’ అన్న మారుపేరుతో ఈమెయిల్ రాశాడు. మీకు చెప్పాల్సిన విషయం ఉంది, ముందు పీజీపీ పెట్టుకోండి అన్నాడు. పీజీపీ అంటే ఈమెయిల్‌కు తాళం వేసే పద్ధతి. గ్రీన్‌వాల్డ్ పనుల్లో పడి పట్టించుకోలేదు. ఎలా పెట్టుకోవాలో స్నోడెన్ అంచెలంచెలుగా రాసి పంపాడు, పన్నెండు నిమిషాల వీడియో కూడా చేసి పంపాడు. అయినా పని కాలేదు. చివరికి 2013 జనవరిలో, ఈ విద్య ముందే తెలిసిన డాక్యుమెంటరీ దర్శకురాలు లారా పోయిట్రస్‌ను వెతుక్కున్నాడు. అమెరికా నిఘా సంస్థలో పనిచేసి, తాళాల విద్యలో ఆరితేరిన మనిషి, అవతలివైపు తాళం లేకపోవడంతో ఒక్క వాక్యం పంపలేక వారాల తరబడి ఆగిపోయాడు. ఇలా తాళం వేసే ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్‌లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. యాంటీవైరస్ మీరొక్కరే వేసుకోవచ్చు. దీన్ని మాత్రం మీరూ మీ స్నేహితుడూ కలిసి వేసుకోవాలి. నేర్పడం ఈ సాంకేతికతలో భాగమేనని నేననేది అందుకే.

ముందుగా, ఈమెయిల్ ఇప్పుడు ఎంత భద్రంగా వెళ్తోంది? మీరు సెండ్ నొక్కగానే ఉత్తరం మీ మెయిల్ కంపెనీ సర్వర్‌కు, అక్కణ్నుంచి అవతలివాళ్ల కంపెనీ సర్వర్‌కు, అక్కణ్నుంచి వాళ్ల ఫోన్‌కు చేరుతుంది. దారి పొడవునా ఈ రోజుల్లో చాలావరకు కట్టుదిట్టం ఉంది. రైల్వే స్టేషన్ వైఫై మీద కన్నేసినవాడికి మీ ఉత్తరం కనపడదు. మజిలీల దగ్గర మాత్రం అది విప్పే ఉంటుంది. కంపెనీ యంత్రాలు చదవగలవు కాబట్టే చెత్త మెయిళ్లను ఏరి పారేస్తున్నాయి, విమానం టికెట్ రాగానే క్యాలెండర్లో తేదీ వేస్తున్నాయి. అవి చదవగలిగినదాన్ని మీ పాస్‌వర్డ్ కొట్టేసినవాడూ చదవగలడు, కోర్టు ఉత్తర్వు తెచ్చినవాడూ చదవగలడు.

“నా మెయిల్లో ఏముందండీ, కరెంటు బిల్లులూ డిస్కౌంటు కూపన్లూ తప్ప” అంటారు చాలామంది. అలాంటివాళ్లను తమ మెయిల్లో ‘ఆధార్’ అని ఒకసారి వెతికి చూడమంటే సరి. ఆధార్, పాన్ స్కాన్లు, పొలం దస్తావేజుల కాపీలు, డాక్టరుకు పంపిన రిపోర్టులు, పిల్లల్ని అమెరికా చదువులకు పంపినప్పుడు కన్సల్టెన్సీకి పంపిన పాస్‌పోర్టు పేజీలు, బ్యాంకు బ్యాలెన్స్ సర్టిఫికెట్లు అన్నీ బయటపడతాయి. ఎప్పుడో పంపి మరిచిపోయినవే.

ఇక తాళం సంగతి. పాత పద్ధతిలో ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. దాన్ని అవతలివాడికి రహస్యంగా చేర్చడమే పెద్ద సమస్య. దీనికి దారి ఉందని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో చూపించారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ ఆర్‌ఎస్‌ఏ పద్ధతి కట్టారు. బ్రిటన్ నిఘా సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ అనే గణితజ్ఞుడు 1973లోనే ఈ లెక్క చేశాడు కానీ, రహస్యం పేరుతో 1997 దాకా ఆ సంగతి లోకానికి తెలియనివ్వలేదు. పద్ధతి ఇలా ఉంటుంది. మీరు తెరిచి ఉన్న తాళంకప్పలు బోలెడు చేయించి ఊరంతా పంచిపెడతారు. తాళంచెవి మాత్రం ఒక్కటే, అది మీ మొలతాడుకు ఉంటుంది. మీకు ఏదైనా పంపాలనుకున్నవాడు పెట్టెలో పెట్టి మీ కప్ప నొక్కేస్తాడు. నొక్కాక దాన్ని తెరవడం వాడి వల్ల కూడా కాదు. పంచిపెట్టేది పబ్లిక్ కీ, దాచుకునేది ప్రైవేట్ కీ.

పెన్సిలు తీసుకుంటే ఆర్‌ఎస్‌ఏ లెక్కను ఇంట్లోనే చేసి చూడొచ్చు. 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుని గుణిస్తే 33. నా పబ్లిక్ కీ ‘33, 3’ అని అందరికీ చెప్పేస్తాను. మీరు నాకు 4 అనే అంకె గుట్టుగా పంపాలి. నాలుగు మూళ్లు కాదు, నాలుగును మూడుసార్లు వేసి గుణించండి: 64. దాన్ని 33తో భాగిస్తే శేషం 31. ఆ 31ని నలుగురి ముందూ అరిచి చెప్పినా ఫర్వాలేదు. నా ప్రైవేట్ కీ 7. 31ని ఏడుసార్లు వేసి గుణిస్తే 2751 కోట్ల 26 లక్షల 14 వేల 111 వస్తుంది. దాన్ని 33తో భాగిస్తే మిగిలేది సరిగ్గా 4. ఆ 7 ఎక్కడిది? 3, 11ల నుంచి ఒక్కొక్కటి తీసేస్తే 2, 10. వాటి లబ్ధం 20. మూడుతో గుణించి ఇరవైతో భాగించినప్పుడు 1 మిగిల్చే సంఖ్య కావాలి, అది 7. అంటే 33ని 3, 11గా విడగొట్టగలిగినవాడికి నా గుట్టు దొరికినట్టే. 33ని బడిపిల్లలు విడగొడతారు. వాడుకలో ఉన్న 2048 బిట్ల కీలో ఆ సంఖ్య 617 అంకెల పొడవు. దాన్ని విడగొట్టిన దాఖలా ఇంతవరకూ బయటికి రాలేదు.

ఉత్తరం మొత్తాన్ని ఈ లెక్కతో నడిపించరు, చాలా నెమ్మది. ఉత్తరానికి అప్పటికప్పుడు పుట్టించిన మామూలు తాళం వేసి, దాని చెవిని మాత్రం పబ్లిక్ కీతో మూసి పంపుతారు. తెలుగులో రాసినా తేడా ఏమీ ఉండదు. కంప్యూటరుకు మన ‘క’ కూడా మూడు బైట్ల సంఖ్యే.

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీని విడుదల చేస్తే, అప్పట్లో తాళాల సాఫ్ట్‌వేర్‌ను ఆయుధాల జాబితాలో పెట్టుకున్న అమెరికా ప్రభుత్వం ఎగుమతి కేసు దర్యాప్తు పేరుతో ఆయన్ను 1996 దాకా తిప్పింది. ఆ మధ్యలో ప్రోగ్రామ్ మొత్తాన్ని పుస్తకంగా అచ్చు వేయించారు. పుస్తకాల ఎగుమతికి అడ్డు లేదు మరి! ఇంత కథ నడిచింది కాబట్టి జనం వెంటనే వాడేసుకుని ఉంటారనుకుంటాం. 1999లో ఆల్మా విట్టెన్, జె.డి. టైగర్ అనే పరిశోధకులు పన్నెండు మందిని కూర్చోబెట్టి, తొంభై నిమిషాలిచ్చి, పీజీపీతో రహస్య మెయిల్ పంపమన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, ఈమెయిల్ అలవాటున్నవాళ్లే. పని సవ్యంగా పూర్తి చేసింది మూడోవంతు మంది. ముగ్గురు రహస్యాన్ని తాళం లేకుండానే పంపేశారు. ఏడుగురు అవతలివాళ్ల కీకి బదులు తమ సొంత పబ్లిక్ కీతో మూసి పంపారు. అంటే అవతలివాళ్లు చచ్చినా తెరవలేరు. ఈ ప్రయోగంలో నాకు నచ్చేది ఆ ఏడుగురే. వాళ్లు బటన్లు సరిగ్గానే నొక్కారు. ఎవరి కప్ప ఎవరి పెట్టెకు వేయాలన్నదే తెలియలేదు. ఇది మెనూలు మార్చినంత మాత్రాన కుదిరేది కాదు, పక్కన కూర్చుని ఒక ఉత్తరం అటూ ఇటూ నడిపిస్తే క్షణంలో తలకెక్కుతుంది.

అలా పక్కన కూర్చుని నేర్పే గదులకు ఒక పేరు, ఒక పద్ధతి 2012 ఆగస్టులో వచ్చాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు సైబర్ నేరాల చట్టాన్ని సవరించినప్పుడు, ఆషర్ వుల్ఫ్ అనే కలంపేరుతో రాసే ఆమె, అందరం కలిసి నేర్చుకుందాం రండి అని ట్విటర్లో పిలిచింది. క్రిప్టోపార్టీ అన్న పేరుతో అది వారాల్లోనే దేశాలు దాటింది. హోనొలులులో జరిగింది అలాంటిదే. డబ్బు తీసుకోరు, సరుకు అమ్మరు, ఎవరైనా రావచ్చు.

స్నేహితులతో మీరూ పెట్టుకోవచ్చు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకోవాలి, థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్ ఇంటి దగ్గరే ఎక్కించుకుని రావాలి. 2020 నుంచి అందులో తాళం సరంజామా అంతా లోపలే ఉంది. నేర్పేవాడు ఎదుటివాళ్ల కీబోర్డు ముట్టుకోకూడదు. “ఇటివ్వు, నేను చేసిపెడతా” అన్నారో, ఆ మనిషి ఇంటికెళ్లాక మళ్లీ మొదటికొస్తాడు. పైగా ప్రైవేట్ కీ ఇంకొకరి చేతిలో పుట్టకూడదు. కీలు తయారయ్యాక ఇద్దరిద్దరు కూర్చుని, పబ్లిక్ కీలు ఇచ్చిపుచ్చుకుని ఉత్తరాలు రాసుకుంటారు. వచ్చిన ఉత్తరాన్ని థండర్‌బర్డ్‌లో చదివాక, అదే ఉత్తరాన్ని బ్రౌజర్లో జీమెయిల్ తెరిచి చూడమనాలి. అక్కడ ఉత్తరం బదులు ఒక అటాచ్‌మెంట్ ఉంటుంది, దాన్ని తెరిస్తే అర్థంపర్థం లేని అక్షరాల బొంత కనిపిస్తుంది. కంపెనీ దగ్గరున్నది అంతే. గదిలో ముఖాలు వెలిగేది అప్పుడే. పక్కనే ఇంకోటీ కనిపిస్తుంది. ఎవరు ఎవరికి ఏ వేళకు రాశారో మూసుకోలేదు. ‘ఆస్తి పంపకాలు, చివరి లెక్క’ అని సబ్జెక్టులో రాసినవాడి గుట్టు సగం రట్టయినట్టే. థండర్‌బర్డ్ సబ్జెక్టును కూడా మూయగలదు గానీ పేర్లనూ వేళనూ మూయలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఆ తర్వాత ఉంది. మీ స్నేహితుడి పేరుతో ఉన్న పబ్లిక్ కీ నిజంగా అతనిదేనా? ఎవరైనా ఎవరి పేరుతోనైనా కీ తయారు చేయవచ్చు. పబ్లిక్ కీలను అందరికీ పంచే పాత కీ సర్వర్లు అడ్డూ ఆపూ లేకుండా వాటిని తీసుకునేవి. 2016లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరుతో దొంగ కీ బయటపడింది. అప్పట్లో జనం కీని గుర్తుపట్టేది ‘వేలిముద్ర’ అనే దాని పొడవాటి గుర్తులోని చివరి 8 అక్షరాలతో. దొంగ కీలోనూ ఆ ఎనిమిదీ అవే! అందుకే మొత్తం 40 అక్షరాల వేలిముద్రను సరిచూసుకోవాలి. 617 అంకెల సంఖ్యను కాపాడే గణితం ‘ఇది ఫలానా మనిషిదే’ అని మాత్రం చెప్పలేదు. ఆ ముక్క చెప్పగలిగేది ఎదురుగా కూర్చున్న మనిషే. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా దొరకని సంగతి ఆ గదిలో ఊరికే దొరుకుతుంది.

కాబట్టి ఒకరు తమ స్క్రీన్ మీది వేలిముద్ర చదువుతారు, ఇంకొకరు తమ దగ్గరున్న ప్రతితో పోల్చుకుంటారు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, నాలుగేసి చొప్పున పది గుంపులు. బీ, సీ, డీ, ఈ అన్నీ ఒకేలా వినిపిస్తాయి కనక “బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ” అనక తప్పదు. గోలగోలగా, సరదాగా ఉంటుంది. డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు కొత్త సభ్యుణ్ని చేర్చుకునే ముందు అతని కీ మీద పాత సభ్యుల సంతకం అడుగుతారు. ఆ సంతకం మామూలుగా ముఖాముఖి కలిసి, గుర్తింపు కార్డు చూసుకున్నాకే పడుతుంది.

ఈ తాళం అన్ని చోట్లా పనికొస్తుందని నేనను. రోజువారీ కబుర్లకు సిగ్నల్ యాప్ మేలు. వాట్సాప్‌లో కూడా 2016 ఏప్రిల్ నుంచి మాటలు రెండు చివర్ల మధ్య మూసే వెళ్తున్నాయి. అవి సందేశం సందేశానికీ కీ మారుస్తాయి. పీజీపీలో కీ ఒక్కటే, అది పరాయివాళ్ల చేతిలో పడిందా, ఏళ్ల తరబడి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ఫోన్లో జీమెయిల్ యాప్ దీన్ని చదవలేదు, వేరే యాప్ పెట్టుకోవాలి. మన వాళ్లలో సగం మంది ఆగిపోయేది అక్కడే. 2018లో జర్మన్ పరిశోధకులు, మెయిల్లో దాచిన బొమ్మ లింకుల ద్వారా విప్పిన ఉత్తరం బయటికి కారిపోయే దారి చూపించారు. మెయిల్లోకి బయటి సర్వర్ల నుంచి వచ్చే బొమ్మలు ఆపేసుకోవాలన్నది దాని పాఠం. ఇవన్నీ ఉన్నా, వకీలుకూ, ఆడిటరుకూ, పాత్రికేయుడికీ కాగితాలు పంపుకునే పనికి ఇది ఇప్పటికీ గట్టిదే.

చట్టం మాటా అడుగుతారు. మన ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం కొన్ని కారణాలు చూపి, మూసిన సందేశాన్ని విప్పడానికి సహకరించమని ఆదేశించవచ్చు, కాదంటే ఏడేళ్ల దాకా జైలు. 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. తాళం వేసి పంపిన ప్రతిదాని అసలు ప్రతిని పౌరులు 90 రోజులు దాచి ఉంచాలట. అంటే దొంగకు కావాల్సింది మన ఇంట్లోనే పేర్చిపెట్టడం. గగ్గోలు పుట్టాక 22వ తేదీన వెనక్కి తీసుకున్నారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయే ముందు రెండు పనులు పూర్తి చేయించాలి. ప్రైవేట్ కీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంట్లో బీరువాలో పెట్టుకోమనాలి. ల్యాప్‌టాప్ పాడైతే పాత ఉత్తరాలు చదవడానికి ఇంకో దారి లేదు, ఏ కస్టమర్ కేర్ కూడా తీసివ్వలేదు. రెండోది, కీకి గడువు ఉందో లేదో చూడటం. థండర్‌బర్డ్ తనంతట తను మూడేళ్లు వేస్తుంది. గడువు దగ్గరపడితే కొత్త కీ చేసుకోనక్కర్లేదు, ఉన్నదాని గడువే పొడిగించి, ఆ కొత్త ప్రతిని స్నేహితులకు మళ్లీ పంపితే చాలు. వేలిముద్ర మారదు కాబట్టి బాంబే, ఢిల్లీ అంటూ మళ్లీ చదవాల్సిన పని ఉండదు.